అందరూ వద్దనే సలహాలే చెబుతున్నాను

ఆర్మీ సిగ్నల్స్‌లో పనిచేసి బయటికొస్తున్న తమ్ముళ్ళకి నేను చెప్పే మాటలు మా ఇంట్లోనే ఎవరికీ నచ్చవు. "నీ మాట వింటే పిల్లల బతుకులు బజారున పడతాయి బావా" అని మా బావమరిది మొహం మీదే అన్నాడు. అన్నా సరే, చెప్పడం మానను. గిద్దలూరు, కంభం వైపు ఏ ఊరికెళ్ళినా వీధికో మిలిటరీ ఇల్లుంటుంది. చీకట్లో చేత్తో తడిమి కేబుల్ జాయింటు వేసిన మనిషి, ఏటీఎం ముందు ప్లాస్టిక్ కుర్చీలో పన్నెండు గంటలు ఊరికే కూర్చోవడం చూస్తే నాకు అన్నం సయించదు. ఆ పని చిన్నదని కాదు. ఆ చేతులకి వచ్చిన విద్య వేరే ఉంది.

అందుకే మొదటి సలహా: డిశ్చార్జి బుక్కు చేతికొచ్చిన నెలలోనే దొరికిన సెక్యూరిటీ ఉద్యోగంలో చేరొద్దు. బంధువులు పోరతారు. వచ్చినదాన్ని కాలదన్నుకుంటావా అంటారు. కాలదన్నుకో. పెన్షన్ వస్తోంది, క్యాంటీన్ కార్డుంది, ఆస్పత్రికి ఈసీహెచ్‌ఎస్ ఉంది. ఆరు నెలలు ఇల్లు గడుస్తుంది. ఆ ఆరు నెలలు నీ విద్య మీద పెట్టు. రెండేళ్ళు గేటు దగ్గర కూర్చున్నాక మళ్ళీ కేబుల్ పట్టుకుందామంటే చెయ్యి మర్చిపోతుంది. నాతో జబల్‌పూర్‌లో శిక్షణ పొందినవాడికే అలా జరిగింది. నాకంటే మంచి టెక్నీషియన్ వాడు.

పదిహేనేళ్ళ సర్వీసు మీద ఇచ్చే డిగ్రీ సమాన సర్టిఫికెట్‌ని నమ్ముకుని ప్రైవేటు కంపెనీల చుట్టూ తిరగొద్దు. అది సర్కారు గ్రూప్-సి పోస్టులకి అక్కరకొస్తుంది. హైటెక్ సిటీలో హెచ్‌ఆర్ అమ్మాయికి అదేంటో తెలియదు, తెలుసుకునే తీరికా ఉండదు. సర్వీసులో ఉండగానే ఇగ్నోలో అసలు డిగ్రీ కట్టెయ్యి. పునరావాస డైరెక్టరేట్ వాళ్ళ కోర్సు వస్తే అదీ వదలకు.

ఇక బయోడేటా. నేర్చుకున్న కోర్సులన్నీ వరసగా రాయమని అందరూ చెబుతారు. నేను వద్దంటాను. నువ్వు బాగుచేసిన ఫాల్టులు రాయి. నాలుగు చాలు. ఏం ఆగింది, ఏం చూశావు, ఏం అనుకున్నావు, చివరికి ఏం తేలింది.

నా మొదటి ఇంటర్వ్యూలో "మీకు నెట్‌వర్కింగ్ అనుభవం ఉందా" అని అడిగారు. పుస్తకంలో ఉన్న జవాబులు నా దగ్గర లేవు. రేడియో కథ ఒకటి చెప్పాను. పగలంతా మంచిగా దొరికిన స్టేషను చీకటి పడ్డాక మాయమైంది. కుర్రాళ్ళు సెట్టు పోయిందని విప్పబోయారు. నేను ఆపాను. సెట్టు మారలేదు, ఏంటెన్నా మారలేదు, బ్యాటరీ నిండుగా ఉంది. మారింది ఒక్కటే, పొద్దు. హెచ్‌ఎఫ్ తరంగం పైన అయనావరణానికి తగిలి కిందికి దిగాలి. రాత్రి ఆ పొర పలచబడుతుంది. పగటి ఫ్రీక్వెన్సీ దాన్ని చీల్చుకుని పైకి పోతుంది, తిరిగి రాదు. ఫ్రీక్వెన్సీ తగ్గించాం, అవతలి గొంతు పక్క గదిలోంచి వచ్చినట్టు వినిపించింది. ఇది చెబుతుంటే ఎదుటాయన పెన్ను కింద పెట్టి విన్నాడు. ఫాల్టు వచ్చినప్పుడు ముందు ఏది మారిందో వెతికే మనిషి ఆయనకి కావాలి. రూటర్ కమాండ్లు నెల రోజుల్లో నేర్పొచ్చని ఆయనే అన్నాడు.

ఒక హద్దు మాత్రం దాటకు. యూనిట్ ఎక్కడ, సెట్టు పేరేంటి, ఫ్రీక్వెన్సీ ఎంత, ఎవరితో ఎవరిని కలిపాం, ఇవేవీ నోట్లోంచి రాకూడదు. 1923 నాటి అధికార రహస్యాల చట్టం పెన్షన్ రాగానే నిన్ను వదిలెయ్యదు. చట్టం మాట పక్కనపెట్టినా, ఆ లింకు మీద ఇవాళ మన తమ్ముడెవడో కూర్చునుంటాడు. ఊరు, పేరు లేకుండా ఫాల్టు కథ చెప్పొచ్చు. పైన నేను చెప్పింది అలాంటిదే.

అమీర్‌పేట కోచింగ్ సెంటర్లకి వెళ్ళొద్దు అంటే నన్ను పిచ్చివాడిలా చూస్తారు. ఎప్పటికీ వద్దనను, మొదటి మూడు నెలలు వద్దు. అక్కడ నేర్పేవాళ్ళు మంచివాళ్ళే. కానీ ఇరవై ఏళ్ళ పిల్లల మధ్య కూర్చుని, నీకు ఆల్రెడీ తెలిసిన విషయాన్ని కొత్త పేరుతో వింటూ, నాకేమీ రాదనే దిగులు తెచ్చుకుంటావు. ఆ ఫీజు డబ్బుతో పాత స్విచ్చులు రెండు, పాత రూటర్ ఒకటి, క్రింపింగ్ టూల్, ఒక కట్ట కేబుల్ కొను. ఇంట్లో మంచం పక్కన పెట్టుకో. నారింజ తెలుపు, నారింజ, ఆకుపచ్చ తెలుపు, నీలం, నీలం తెలుపు, ఆకుపచ్చ, గోధుమ తెలుపు, గోధుమ. ఈ వరస ఒక్కరోజులో నీ వేళ్ళకి వచ్చేస్తుంది, ఎందుకంటే అంతకంటే ముతక తీగలు మంచులో గ్లవ్స్ వేసుకుని కలిపావు. తర్వాత రెండు స్విచ్చుల మధ్య తీగ పీకు. ఏ దీపం ఆరింది, ఎంతసేపటికి తెలిసింది, రాసుకో. ఇలా వంద సార్లు చెడగొట్టాక నెట్‌వర్కింగ్ పరీక్ష సీసీఎన్‌ఏ పుస్తకం తెరువు. ప్రతి పేజీలో నువ్వు చూసిందే కనిపిస్తుంది. పైథాన్ కూడా అంతే, దానితో చేయించాల్సిన పని చేతిలో ఉన్నప్పుడు నేర్చుకో.

ఉద్యోగం వచ్చాక నైట్ షిఫ్ట్ అడిగి తీసుకో. మీ వదినకి ఇప్పటికీ కోపమే, పదిహేడేళ్ళు సరిహద్దుల్లో గడిపొచ్చి మళ్ళీ రాత్రుళ్ళు ఇంట్లో ఉండవా అని. ఆ కోపం న్యాయమే. కానీ నెట్‌వర్క్ పొట్ట విప్పేది రాత్రే. పగలు ఎవరినీ ఏదీ ముట్టుకోనివ్వరు. కొత్త కాన్ఫిగరేషన్ ఎక్కించడం, పాత డబ్బా మార్చడం, అన్నీ అర్ధరాత్రి దాటాకే. పగటి వాళ్ళు నాలుగేళ్ళలో చూసేది నువ్వు రెండేళ్ళలో చూస్తావు.

నేను నెట్‌వర్క్ ఆపరేషన్స్ సెంటర్లో చేరిన కొత్తలో ఒక లింకు వారానికి ఒకటి రెండుసార్లు రాత్రిపూట పడిపోయేది. నిమిషం తిరక్కముందే దానంతటదే లేచేది. టికెట్ తెరుచుకునేది, "సర్వీస్ ప్రొవైడర్ సమస్య, తనంతట పోయింది" అని రాసి మూసేసేవాళ్ళు. ఒక్కో టికెట్ ఒక్కో మనిషి మూసేవాడు కాబట్టి అన్నీ కలిపి ఎవరూ చూడలేదు. నా దగ్గర మాత్రం గీతల నోటుబుక్కు ఉంది, సిగ్నల్ సెంటర్ లాగ్‌బుక్ లాగానే. టైము, కనబడింది, ఎవరు చెప్పారు, ఏం చేశాను. కంప్యూటర్లో అన్నీ ఉంటాయి కదా అంకుల్, మళ్ళీ ఈ పుస్తకమెందుకని పిల్లలు అడిగేవాళ్ళు. నెల తర్వాత ఒకే పేజీలో ఆరు టైములు కిందకి కిందకి కనిపించాయి. ఆ పుస్తకం తీసుకుని కింద జనరేటర్ గదికి వెళ్ళాను. అక్కడి ఎలక్ట్రీషియన్ పెద్దాయన కూడా రిజిస్టర్ రాస్తాడు, నూనె మరకలతో. కరెంటు పోయిన టైము, జనరేటర్ అందుకున్న టైము. టీ తాగుతూ రెండు పుస్తకాలు పక్కపక్కన పెట్టాం. ఆరుకి ఆరూ కలిశాయి. పైకొచ్చి రాక్ వెనక టార్చి వేసి చూస్తే, ఫైబర్‌ని రాగి కేబుల్‌కి కలిపే చిన్న కన్వర్టర్ డబ్బా అడాప్టర్ యూపీఎస్‌లో లేదు, గోడ సాకెట్‌లో ఉంది. కరెంటు పోయి జనరేటర్ అందుకునే ఆ కాసేపు అది చచ్చి మళ్ళీ బతికేది. ప్లగ్గు మార్చాను. ఆ లింకు మళ్ళీ పడలేదు.

పగటి షిఫ్టులో ఉంటే ఆ పెద్దాయనతో టీ తాగే వీలు నాకెప్పటికీ దొరికేది కాదు.

ఫోన్‌లో నెమ్మదిగా మాట్లాడటం మానకు. కార్పొరేట్‌లో చురుగ్గా, గలగలా మాట్లాడాలని ట్రైనింగ్ ఇస్తారు. విను, పాటించకు. ఒక రాత్రి పెద్ద కాల్ నడుస్తోంది, పదిహేను మంది ఒకేసారి మాట్లాడుతున్నారు. "పోర్ట్ ఫిఫ్టీన్ షట్ చెయ్యి" అన్నారు. కుర్రాడు ఫిఫ్టీ అని విన్నాడు. నలభై ఎనిమిది పోర్టులూ, వాటి తర్వాత అప్‌లింకులూ ఉన్న స్విచ్చు మీద 15 ఒక మనిషి కంప్యూటర్, 50 ఆ అంతస్తు మొత్తానికి దారి. అంతస్తంతా చీకటైంది. ఆ పిల్లవాడి చేతులు వణకడం నేను పక్కనే ఉండి చూశాను. మన రేడియో నెట్‌లో అయితే "వన్ ఫైవ్" అంటాం, అవతలివాడు "వన్ ఫైవ్" అని తిరిగి చదువుతాడు, ఆ తర్వాతే చెయ్యి కదులుతుంది. మర్నాడు నేను మా లీడ్‌ని వేడుకున్నాను, అంకెలు విడివిడిగా చెప్పుకుందాం, చేసేముందు తిరిగి చదువుదాం, ఒకరు మాట్లాడుతుంటే తక్కినవాళ్ళు ఆగుదాం అని. ఆయన వయసు ఇరవై ఆరు. ఒప్పుకున్నాడు. ఆయన్ని నేను సార్ అంటాను. ఇక్కడ అందరూ పేరు పెట్టి పిలుస్తారు, అలాగే పిలవమని ఆయనా చెప్పాడు. నావల్ల కాలేదు. పని తెలిసినవాడికి మర్యాద ఇస్తే నా హవల్దార్ పట్టీలేమీ ఊడిపోవు.

మన సందేశాలకి ఫ్లాష్, ఆప్ ఇమ్మీడియెట్, ప్రయారిటీ, రొటీన్ అని తరగతులుండేవి గుర్తుందా? ఇక్కడ పీ-వన్, పీ-టూ అంటారు. అంతే తేడా. "తీవ్ర చౌకస్" అని 1911లో పుట్టిన మన కోర్ నినాదం, చురుకుగా, మెలకువగా ఉండమని. ఆన్‌కాల్ ఫోన్ పక్కన పెట్టుకుని పడుకునేవాడికి ఇంతకంటే చెప్పాల్సింది లేదు.

ఒక్కటి మాత్రం గేటు దగ్గరే వదిలిపెట్టి రా. హుకుం వచ్చేదాకా నోరు మెదపని అలవాటు. దానివల్ల నేను నష్టపోయాను. ఒక మార్పు తప్పని నాకు ముందే తెలుసు, అడగలేదు కాబట్టి చెప్పలేదు. తెల్లారేసరికి మూడు ఆఫీసులు ఆగిపోయాయి. "తెలిసీ ఎందుకు చెప్పలేదు" అని మా లీడ్ అడిగాడు. ఆయన గొంతులో కోపం లేదు, బాధ ఉంది. ఫౌజులో అరుపులకి అలవాటుపడ్డ నాకు ఆ నిదానమే ఎక్కువ తగిలింది.

2022లో మొదలైన అగ్నిపథ్‌లో చేరిన పిల్లల కోసం ఇదంతా మరీ మరీ చెబుతున్నాను. నాలుగేళ్ళకి 25 శాతానికి మించకుండా ఉంచుకుంటారు, మిగిలినవాళ్ళు ఇంటికొస్తారు. వాళ్ళకి పెన్షన్ లేదు. సేవా నిధి కింద సుమారు 11.71 లక్షలు వస్తాయి. కాబట్టి ఆరు నెలలు ఆగమనే నా మొదటి సలహాకి వాళ్ళు లెక్క కట్టుకోవాలి: ఆరు నెలల ఇంటి ఖర్చు ముందు పక్కన పెట్టి, మిగిలింది బ్యాంకులో వేసి, ఆ తర్వాతే స్విచ్చులు కొనాలి. మొత్తం తెచ్చి ఏ కోర్సువాడి చేతిలోనూ పోయొద్దు.

మా అన్న మనవడు సిగ్నల్స్‌లోనే ఉన్నాడు, వచ్చే ఏడాది దిగుతాడు. సెలవుకొచ్చినప్పుడు నా పాత స్విచ్చులు తీసుకెళ్ళి వాళ్ళ ఇంట్లో పెట్టుకున్నాడు. మొన్న వాట్సాప్‌లో నోటుబుక్కు పేజీ ఫొటో పంపాడు. టైము వేశాడు, కనబడింది రాశాడు, చేసింది రాశాడు. "ఎవరు చెప్పారు" అన్న గడి ఖాళీగా ఉంది. ఫోన్ చేసి అడిగితే, ఇంట్లో నేనొక్కణ్ణే కదా తాతా అన్నాడు. అయితే నీ పేరే రాయి అన్నాను. రాసి మళ్ళీ ఫొటో పంపాడు.