అరువు సొమ్ము

నన్ను రౌస్ సార్కోమా వైరస్ అంటారు. 1909లో న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ సంస్థకు ప్లిమత్ రాక్ జాతి పెట్ట ఒకటి చేరింది. దాని రొమ్ములో పెద్ద కంతి. పేటన్ రౌస్ ఆ కంతిని నూరి, కణాలు గానీ బ్యాక్టీరియా గానీ దూరలేని వడపోత గుండా పంపి, కిందికి దిగిన తేటను వేరే కోళ్ళకు ఎక్కించారు. వాటికీ కంతులు లేచాయి. ఆ తేటలో ఉన్నది నేనే. ఆయన ఈ సంగతి 1911లో ప్రకటిస్తే, వైరస్ వల్ల క్యాన్సర్ రావడమేమిటని చాలామంది కొట్టిపారేశారు. నోబెల్ బహుమతి 1966లో వచ్చింది. అప్పటికి ఆయనకు 87 ఏళ్ళు.

నా అడ్డుకొలత సుమారు 100 నానోమీటర్లు. ఒక మిల్లీమీటరు గీత మీద పదివేల మందిమి పక్కపక్కన నిలబడగలం. ఇంత చిన్న ఒంట్లో నాదెంత, అరువెంత అన్నదే నా కథ.

పైన కప్పుకున్న కొవ్వుపొర నాది కాదు. కోడి కణం నుంచి బయటికి వచ్చేటప్పుడు దాని పొరనే చుట్టుకుని వస్తాను. ఆ పొర మీద గుబ్బల్లా లేచిన ప్రొటీన్లు మాత్రం నావి. పొరలో పాతుకున్నది జీపీ 37, దాని తలమీద కూర్చున్నది జీపీ 85. తర్వాతి కణం గుమ్మాన్ని గుర్తుపట్టేది ఈ తలే.

పుట్టినప్పుడు నా లోపల ఇప్పుడున్నట్టు ఉండదు. గాగ్ అనే పొడవాటి ప్రొటీన్లు బండిచక్రం ఆకుల్లా, ఒక కొస పొరకు ఆనించి, రెండో కొస నడిబొడ్డుకు చాచి నిలబడతాయి. అప్పటికి నేను ఎవరికీ అంటుకోలేను. బయటపడ్డాక నాలోని కత్తెర ఎంజైమ్ ఆ ఆకులను ముక్కలు చేస్తుంది. మ్యాట్రిక్స్ ముక్కలు పొర కిందే అస్తరులా ఉండిపోతాయి. క్యాప్సిడ్ ముక్కలు ఆరుమూలల పలకలై, మధ్యమధ్య ఐదుమూలల పలకలతో వంపు తిరిగి, ఒక డొల్లగా మూసుకుంటాయి. ఈ ఐదుమూలల పలకలు పన్నెండు ఉంటేనే డొల్ల పూర్తిగా మూసుకుంటుంది. మీ ఫుట్‌బాల్ మీద లెక్కపెట్టి చూడండి, అక్కడా పన్నెండే.

డొల్లలో నా ఆర్‌ఎన్‌ఏ ఉంటుంది. ఒకటి కాదు, జంట. ఒక్కొక్కటి సుమారు 9,300 అక్షరాలు. న్యూక్లియోక్యాప్సిడ్ ప్రొటీన్లు వాటికి చుట్టుకుని కాపాడతాయి. పక్కనే ఆర్‌ఎన్‌ఏను చూసి డీఎన్‌ఏ రాసే ఎంజైమ్. డీఎన్‌ఏ నుంచే ఆర్‌ఎన్‌ఏ వస్తుందని లోకం నమ్మిన రోజుల్లో, నా దారి వేరని 1964లోనే హోవర్డ్ టెమిన్ అన్నారు. 1970లో ఆయనా సతోషి మిజుతానీ ఆ ఎంజైమ్‌ను నాలోనే పట్టుకున్నారు. డేవిడ్ బాల్టిమోర్ కూడా అదే ఏడాది విడిగా అదే సంగతి తేల్చారు. నా జీవితంలో నేను గర్వంగా చెప్పుకునే ఏడాది అదే. కానీ ఆ ఎంజైమ్ తనంతట తాను రాత మొదలుపెట్టలేదు. మొదటి అక్షరానికి ఆసరాగా కోడి కణంలోని ట్రిప్టోఫాన్ మోసే టీఆర్‌ఎన్‌ఏను కూడా వెంట తెచ్చుకుంటాను. అదీ అరువే.

ఇక అసలు అరువు. గాగ్, పోల్, ఎన్వ్ అనే మూడు జన్యువులు నాకు చాలు. నాలుగోది సార్క్. అది లేకపోయినా నేను పెరుగుతాను, పిల్లల్ని కంటాను. సార్కోమా కంతి పుట్టించేది మాత్రం అదే. 1976లో స్టెహెలిన్, వార్మస్, బిషప్, వోగ్ట్ వెతికితే అది ఆరోగ్యంగా ఉన్న కోడిలో, బాతులో, ఈమూలో కూడా దొరికింది. అంటే పక్షి సొమ్మును నా వంశంలో ఎవరో ఎత్తుకొచ్చారు. పక్షి దగ్గర ఉన్నప్పుడు ఆ జన్యువు చేసే ప్రొటీన్ తోకకు ఒక పగ్గం ఉండేది. పని లేనప్పుడు కట్టి ఉంచేది అదే. నా చేతికి వచ్చేసరికి ఆ తోక ఊడిపోయి వేరే ముక్క అతుక్కుంది. పగ్గం లేని ఆ ప్రొటీన్ ఇతర ప్రొటీన్ల మీది టైరోసిన్లకు ఫాస్ఫేట్ అంటిస్తూ, విభజించు విభజించు అని కణాన్ని తరుముతూనే ఉంటుంది. అరువు సొమ్ము బరువు చేటంటారు. ఆ చేటు పడింది నా మీద కాదు, కోడి మీద. అందుకు నాకు బాధ ఉంది.

ఆ సార్క్ జన్యువు పగ్గంతో సహా మనిషి 20వ క్రోమోజోము మీద కూడా ఉంది.