మూతమీది మూలానికి స్నేహార్థదీపిక

అవతారిక

కాళిదాసుకు సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష రాసిన కోలాచలం మల్లినాథసూరి మన గడ్డమీది వాడు. మెదక్ దగ్గరి కొల్చారం ఆయన ఊరంటారు. మూలంలో లేనిది రాయను, అక్కర్లేనిది చెప్పను అని ఆయన రెండు మాటలిచ్చాడు. ముప్పై నాలుగేళ్లు బడిలో ప్రతిపదార్థాలు చెప్పి, ఇప్పుడు పింఛను పుచ్చుకుంటున్న నేను మొదటి మాట నిలబెట్టుకోగలను. రెండోదానికి పూచీ లేదు.

వ్యాఖ్యానానికి దొరికిన మూలం మా స్నానాలగది అలమరలో ఉంది. వెడల్పు మూత ఉన్న పాత పచ్చడి సీసా, మూతమీద అతికించిన కాగితం, కాగితంమీద అయిదు పంక్తులు. గ్రంథకర్త్రి మా మనవరాలు. హైదరాబాదులోనే యూనివర్సిటీ హాస్టల్లో ఉంటుంది. దాని గదిలో ఉండే పిల్లది ఘనా దేశం, ఉత్తరాన టమాలే దగ్గర ఏదో పల్లె. ఆ పిల్ల సెలవులకు ఇంటికి వెళ్లి, వాళ్లమ్మ చేసిన షియా వెన్న ముద్ద పెట్టెలో పెట్టుకుని వచ్చింది. మావాడి కూతురిది ఉంగరాల జుట్టు, ముట్టుకుంటే ఎండుగడ్డి. నాయనమ్మ పోలిక. ముద్దలో సగం అలా మా ఇంటికి చేరింది. సంస్కృతంలో స్నేహమంటే చెలిమీ అవుతుంది, నూనె కూడా అవుతుంది. ఈ వ్యాఖ్యకు పేరు వెతుక్కోవలసిన పని లేకపోయింది.

మూలం

షియా ఒక కప్పు, కొబ్బరినూనె పావు.
వేడినీళ్ల గిన్నెలో కరిగించి వెంటనే ఫ్రిజ్‌లో.
సగం పేరుకున్నాక గిలక్కొట్టాలి.
తడి జుట్టుకు, కొసలకు, కొంచెమే. కుదుళ్లకు కూడా.
నీళ్లు తగలనివ్వద్దు.

ఛందస్సు వచనం. "కొసలకు, కొంచెమే" దగ్గర యతి కుదిరినట్టుంది గాని కవయిత్రి కోరి చేసింది కాదు.

ప్రతిపదార్థం

షియా = హైదరాబాదులో ఈ మాట చెవినపడితే మొహర్రం ఊరేగింపు కళ్లముందు మెదులుతుంది. ఆ అర్థం ఇక్కడ అన్వయించదు. ఇది పశ్చిమాఫ్రికాలో బంబారా వాళ్ల మాట. చెట్టు 'షీ', దాని నూనె 'షీ తులూ'. నైజర్ నదిని వెతుక్కుంటూ 1796లో ఆ నేలమీద తిరిగిన స్కాట్లండు యాత్రికుడు ముంగో పార్క్ 1799లో అచ్చయిన తన పుస్తకంలో దీన్ని మెచ్చుకున్నాడు. ఆవువెన్న కన్నా తెల్లన, గట్టి, రుచిలోనూ మిన్న, ఉప్పు వెయ్యకపోయినా ఏడాది నిలుస్తుంది అని. ఆయన తిన్నాడు, తలకు రాసుకున్నట్టు చెప్పలేదు. అంతకు నాలుగు వందల ఏళ్లకు పైగా ముందు, 1352లో మాలి రాజ్యానికి వెళ్లిన ఇబ్న్ బతూతా 'గర్తీ' అని ఒక కాయ సంగతి రాశాడు. ఫ్రెంచివాళ్లు ఈనాటికీ అనే 'కరితె' ఆ మాటే. దాని పప్పు దంచి తీసిన నూనెతో వండుకుంటారట, దీపాలు పెట్టుకుంటారట, ఒంటికి రాసుకుంటారట, మన్నులో కలిపి ఇంటిగోడలకు పూస్తారట. గోడసంగతి పాఠకుడు గుర్తుంచుకోవాలి. ముందు పనికొస్తుంది.

శాస్త్రజ్ఞులు చాలాకాలం దీన్ని బ్యుటిరోస్పెర్మమ్ పార్కీ అన్నారు, అనగా పార్కుగారి వెన్నగింజ. ఇప్పుడు వితెల్లారియా పారడోక్సా. పారడోక్సా అంటే మన అలంకారశాస్త్రంలో విరోధాభాస. చెట్టు పేరులోనే అలంకారం ఉండటం వ్యాఖ్యాతకు పండగ. దానికి తగ్గ విరోధం మూలంలో అయిదో పంక్తిలో వస్తుంది.

గోత్రం చెప్పకుండా పెళ్లి మాటలు సాగవు. షియాది సపోటా గోత్రం. మన ఇప్ప, పొగడ, పాల చెట్లు అందరూ సగోత్రీకులే. పూర్వం ఇప్పనూ షియానూ బాసియా అనే ఒకే ఇంటిపేరుతో పిలిచేవారు కూడా. ఇప్పగింజల నూనె చలికాలంలో పేరుకుని వెన్నలా తయారవుతుందని ఆదిలాబాదు గూడేల్లో ఎవర్నడిగినా చెబుతారు. వాళ్లు దాంతో వండుకున్నారు, దీపం పెట్టుకున్నారు, ఒంటికి రాసుకున్నారు. బతూతా జాబితా మళ్లీ చదవండి. వెన్న చేతిలో పెట్టుకుని నేతికి ఏడ్చినట్టు మనం ఎనిమిదివేల పైచిలుకు కిలోమీటర్ల అవతలి జ్ఞాతిని పెట్టెలో తెప్పించుకుంటున్నాం. ఈ మాట మనవరాలితో అంటే, "ఇప్పనూనె నువ్వు తెచ్చిపెట్టు తాతయ్యా, అదీ రాసుకుంటా" అంది. ఇంకా తేలేదు.

శంక. పాలు లేనిదే వెన్న ఎట్లా? సమాధానం. చిలకడం ఉంటే వెన్నే. ఘనా పిల్ల ఫోనులో చూపించింది, వాళ్లమ్మ పని. వానాకాలంలో రాలిన కాయలు తెల్లవారకముందే ఏరుకొస్తారు. తియ్యటి గుజ్జు పిల్లలు తింటారు. గింజలు ఉడకబెట్టి, ఎండబెట్టి, పెంకు కొట్టి, పప్పు దంచి, వేయించి, విసిరితే ముదురు చాక్లెట్టు రంగు ముద్ద అవుతుంది. ఆ పప్పులో దాదాపు సగం కొవ్వే, కాని ఊరికే బయటికి రాదు. పెద్ద బేసినులో ముద్ద వేసుకుని, నీళ్లు చిలకరిస్తూ, మోచేతుల దాకా ముంచి చేత్తోనే తిప్పుతుంది ఆవిడ. ఎంతసేపంటే, వీడియో చూస్తున్న నా చేతులు నొప్పిపుట్టినంతసేపు. గోధుమరంగు ముద్ద మెల్లమెల్లగా పాలిపోయి, ఉన్నట్టుండి తెల్లటి నురగ పైకి తేలింది. మా అమ్మ కవ్వం తీసి, చల్లచేతులతో వెన్న దేవుకునేది సరిగ్గా ఆ క్షణానే. ఆ నురగ కడిగి, కాచి, వడగడితే షియా. ఆ చెట్లను మామూలుగా ఎవరూ తోటలేసి పెంచరు. పొలాల్లో వాటంతట అవే మొలిచినవాటిని నరక్కుండా ఉంచుకుంటారు. మొదటి కాపుకు పదిహేను, ఇరవై ఏళ్లు పడుతుంది.

శుద్ధిచేసిన షియా తెల్లగా, వాసన లేకుండా దొరుకుతుంది. చెయ్యనిది లేతపసుపు, పొగా, వేయించిన పల్లీ కలిసిన వాసన. మా ఇంటి సీసాలోది రెండో రకం. మా ఆవిడ మూత తీసి చూసి, "ఆముదానికి అన్నగారు" అంది. సంబంధం శాస్త్రీయం కాకపోయినా ఉపమానం ఒప్పుకోవచ్చు.

ఒక కప్పు = కాఫీ కప్పా, కొలత కప్పా అని శంకించనక్కర్లేదు. మా ఇంట్లో పిడి ఊడని కప్పు ఒకటే.

కొబ్బరినూనె పావు = పూర్వపక్షం మా ఆవిడది. కొబ్బరినూనె ఉండగా ఇంకోటి ఎందుకు? సిద్ధాంతం. ఇద్దరి పనులు వేరు. కొబ్బరినూనెలో ఎక్కువగా ఉండే లారిక్ ఆమ్లం పొట్టిది, సన్నంగా వెంట్రుకలోపలికి దిగుతుంది. కొబ్బరినూనెనీ పొద్దుతిరుగుడు నూనెనీ మినరల్ ఆయిల్‌నీ పోల్చి చూసిన 2003 నాటి పరిశోధనలో వెంట్రుకలోని ప్రోటీను పోకుండా కాపాడింది కొబ్బరినూనె ఒక్కటే. షియాలో ఎక్కువగా ఉండేవి ఒలీక్, స్టియరిక్ ఆమ్లాలు. ఇవి పొడుగువి, వెంట్రుక పైనే పూతగా నిలుస్తాయి. ఒకరు ఇంట్లో మనిషి, ఇంకొకరు గుమ్మం దగ్గర కాపలా. దీనికి మా ఆవిడ, "కాపలావాడికి కప్పు, ఇంటిమనిషికి పావా?" అంది. గిలక్కొడితే నిలబడే గట్టిదనం షియాకే ఉంది గనక అని చెప్పుకోవాలి.

వేడినీళ్ల గిన్నెలో = నేరుగా మంటమీద కాదు అని భావం. విస్తరించను.

వెంటనే ఫ్రిజ్‌లో, సగం పేరుకున్నాక = ఈ పంక్తికే ఒక గ్రంథం రాయవచ్చు. నెయ్యి పూసకట్టడం మన ఇళ్లలో గౌరవం. పూసకట్టిన నెయ్యి అంటే అత్తగారు కూడా వంకపెట్టదు. షియాలో అదే పూస దోషం. కారణం రెండింటికీ ఒక్కటే. కొవ్వులో కొన్ని అణువులు ఎక్కువ వేడి దగ్గరే గట్టిపడతాయి, కొన్ని తక్కువ దగ్గర. నెమ్మదిగా చల్లారనిస్తే ముందు గట్టిపడేవి తమలో తాము గుమిగూడి రవ్వల్లా తయారవుతాయి. గబగబా చల్లారిస్తే గుమిగూడే తీరిక ఉండదు. అందుకే 'వెంటనే'. నేతికి తీరిక ఇవ్వాలి, షియాకు ఇవ్వకూడదు. ఇసకరవ్వలాంటి పూస జుట్టులో చిక్కుకుంటే, అరచేతి వేడికి అది కరిగేదాకా దువ్వెన పళ్లకు అంటుకుంటుంది.

ఇక్కడ ఋతుభేదం చెప్పాలి. షియా సుమారు 32 నుంచి 37 డిగ్రీల మధ్య కరుగుతుంది, కొబ్బరినూనె ఓ 25 దగ్గరే. మే నెలలో హైదరాబాదులో ఈ సీసా ఫ్రిజ్ బయట ఉంటే మూలంలోని వెన్న కాస్తా నెయ్యి అవుతుంది. రాత్రి చల్లబడి పూస పూసగా పేరుకుంటుంది. గ్రీష్మ పాఠం, హేమంత పాఠం అని రెండు పాఠాంతరాలు ఒకే సీసాలో. పూస కడితే పారెయ్యనక్కర్లేదు, మళ్లీ కరిగించి మొదటి నుంచి పారాయణ.

గిలక్కొట్టాలి = చిలకాలి అనకుండా ఇలా ఎందుకన్నది? చిలకడం వెన్న తియ్యడానికి. ఆ పని టమాలేలో ఎప్పుడో అయిపోయింది. గిలక్కొట్టడం గాలి ఎక్కించడానికి. అయిదు నిమిషాలకు ముద్ద మీగడలా పొంగుతుంది. మనవరాలి ప్రయోగం నిర్దుష్టం.

తడి జుట్టుకు = తడి అనే పదం దండగ అనుకుని నేను ఒకసారి వదిలేశాను. ఆ కథ కింద వస్తుంది. షియాలో నీరు లేదు, అది జుట్టుకు నీరు ఇవ్వదు. ఉన్న నీటిని బయటికి పోనివ్వదు, అంతే. లేని నీటికి కాపలా ఎందుకు? కనుక తలస్నానం చేసి, తువ్వాలుతో అద్దాక, తడి ఆరకముందే.

కొసలకు = తలలో పుట్టే సొంత జిడ్డు తిన్నని జుట్టులో జారుతూ చివరిదాకా వస్తుంది. ఉంగరాల్లో మెలికకో మజిలీ చేసి దారిలోనే ఆగిపోతుంది. దాహమంతా కొసల దగ్గరే.

కొంచెమే = ఈ వ్యాఖ్యానానికి కారణం ఈ పదం. చివరి ఏకారం అవధారణార్థకం, అనగా అంతకుమించి వద్దు అని గట్టిగా చెప్పడం. నేను దాన్ని పాదపూరణం అనుకున్నాను. చెవుల మీదా మెడమీదా మిగిలిన నా జుట్టు ఈ మధ్య గరుకెక్కింది. ఒక రాత్రి సీసా తీసి, పూర్వాభ్యాసం కొద్దీ ఆముదం పట్టించినట్టు నాలుగువేళ్లతో తోడి, పొడి తలకు పట్టించాను. అద్దంలో చూసుకుంటే బతూతా చెప్పిన మట్టిగోడ. పొద్దున లేచేసరికి దిండు గలీబు మీద నా తల ఆకారం అచ్చుపడి ఉంది, చెవులతో సహా. మా ఆవిడ కాఫీగ్లాసుతో వచ్చి, గలీబునీ నన్నూ మార్చి మార్చి చూసి, "తలా ఇది, కార్తీకదీపం ప్రమిదా?" అంది. షాంపూ రెండుసార్లు ఓడిపోయింది. చివరికి కుంకుడుకాయలు కొట్టి, నానబెట్టి, రసం పిసికి మూడో విడత రుద్దితే గాని నా తల నాకు దక్కలేదు. మనవరాలు ఫోనులో విని, నవ్వడం అయ్యాక కొలత చెప్పింది: బఠాణీగింజంత. అరచేతుల మధ్య రుద్దితే ఒంటి వేడికే కరుగుతుంది, కరిగాకనే జుట్టుకు. నా జుట్టుకు అదీ ఎక్కువే, అరగింజ చాలట.

కుదుళ్లకు కూడా = ప్రక్షిప్తం. నిరూపిస్తాను. మిగతా కాగితమంతా నీలి జెల్‌పెన్ను. ఈ రెండు మాటలు మాత్రం నల్ల బాల్‌పాయింటు. 'క' తలకట్టు పక్కకి వాలి ఉంది, కిరాణా చీటీలో 'కందిపప్పు' రాసిన చేతిదే. పైగా ముందున్న 'కొసలకు' అనే పదంతో అర్థం పొసగదు. మన ఇళ్లలో నూనె అంటే మాడుకే అన్న సంస్కారం వల్ల చొరబడిన పాఠం ఇది. అంగీకరిస్తే ప్రమాదం ఉంది. చుండ్రు వెనక ఉండే మలసేజియా అనే శిలీంధ్రం మాడు మీది కొవ్వు తిని బతుకుతుంది. దానికి మనం విస్తరి వేసినట్టవుతుంది. షియా జుట్టు మొలిపిస్తుందనీ, చుండ్రు పోగొడుతుందనీ అంగళ్లలో డబ్బాల మీద కనపడే ఫలశ్రుతి కూడా ఇలాగే ఎవరో చేర్చినది. మూలంలో లేదు.

ఈ నిర్ణయం చదివి వినిపిస్తే, సంపాదకురాలు కాని ఆ ప్రక్షేపకర్త్రి ఇలా ఆక్షేపించింది: "నలభై ఏళ్లు మీ మాడుకి నూనె పెట్టింది నేను. అప్పుడు ప్రక్షిప్తం కాలేదా?" దీనికి సమాధానం గ్రంథాంతరంలో చూసుకోవాలి.

నీళ్లు తగలనివ్వద్దు = ఇదే ఆ విరోధం. పై పంక్తిలో తడి కావాలంటుంది, కింది పంక్తిలో నీళ్లు వద్దంటుంది. విషయభేదం చేత పరిహారం: తడి జుట్టుది, నిషేధం సీసాది. నీటిచుక్క లేని కొవ్వులో బూజుకీ సూక్ష్మజీవులకీ బతుకుతెరువు లేదు. తడిచేత్తో ఒక్కసారి తోడితే చాలు, దారి తెరిచినట్టే. కలబంద గుజ్జు కలుపుదామన్న నా సూచనను మనవరాలు కొట్టిపారేసింది ఇందుకే. కలబందలో ఉన్నది చాలావరకు నీళ్లే, అది కలిపితే ప్రిజర్వేటివ్ కలపాలి, లేదా ఆ పూటకు ఆ పూట చేసుకోవాలి. ఆవకాయ జాడీలోకి తడిగరిటె పెట్టనివ్వని ఇంట్లో ఈ పంక్తికి ఇంతకన్నా వ్యాఖ్య అక్కర్లేదు. దీనిమీద మా ఆవిడకూ పూర్వపక్షం లేదు.

అలంకారం విరోధాభాస. రసం ముందు హాస్యం, పిమ్మట కుంకుడు.

గద్య

ఇది శ్రీమత్ కుంకుడురసప్రక్షాళితశిరస్క, గలీబుముద్రితకర్ణద్వయ, పింఛనుమాత్రజీవన విశ్రాంతాంధ్రపండిత ప్రణీతంబైన స్నేహార్థదీపిక యను మూతవ్యాఖ్యానంబునందు సర్వంబు నేకాశ్వాసము.