నీడలో కొలిచిన ఎండ

రానున్న వారమందును ఎండలు ముదురునని వాతావరణ శాఖవారు సెలవిచ్చుచున్నారు. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన అవ్వలు ఏ యంత్రముతోను పనిలేకయే చెప్పిన సంగతికి ఇది అంకెలు తొడిగిన రూపము.

అయితే మైదాన ప్రాంతమున వేడిమి 40 డిగ్రీలు చేరి, సాధారణము కంటె 4.5 డిగ్రీలు హెచ్చినగాని, లేదా తిన్నగా 45ను ముట్టినగాని, దానికి వడగాలి యను బిరుదము దక్కదట! కనుక ఏటేట నిప్పులు చెరుగుట కలవాటుపడిన రెంటచింతలవంటి యూర, ఈ కార్తెలో 44 డిగ్రీలకు సొమ్మసిల్లినవాడు శాస్త్రసమ్మతముగా సొమ్మసిల్లినవాడు కాడు. ఆ వేడిని కొలుచు ఉష్ణమాపకము మాత్రము, తెల్లరంగు పూసి, నలువైపుల గాలి చొరబడునట్లు రెక్కలమర్చిన చెక్కపెట్టెలో, నేలకు నాలుగడుగుల యెత్తున, చక్కని నీడపట్టున విశ్రమించి యుండును. ఎండిన చెరువులో పూడిక తీయు ఉపాధి కూలికి అట్టి పెట్టె నెవరును మంజూరు చేయలేదు. మధ్యాహ్నము పన్నెండు మొదలు మూడు వరకు ఎవరును బయటికి రావలదను ప్రకటనను, సరిగా ఒంటిగంటవేళ, మైకు కట్టిన ఆటోలో వీధివీధి తిరుగుచు, తలకు తువాలు చుట్టుకొన్న బంట్రోతొకడు చెమటలు కక్కుచు చదువుచున్నాడు.