పండగ పూట చదువు చెడకుండా: సంక్రాంతి అడ్డంకుల పరుగు

సంక్రాంతికి బడులకు వారం పది రోజులు సెలవులు. ఆ సెలవుల్లో పిలకాయలు ఏం చేస్తారో కావలిలో అందరికీ తెలుసు. తుమ్మలపెంట సముద్రానికి పోతారు, గాలిపటాలెగరేస్తారు, అరిసెలు తింటారు, అవ్వ పక్కన చేరి ముగ్గుల్లో వేళ్ళు పెడతారు. చదువు మాత్రం సున్నా. జవహర్ భారతి కాలేజీ 1951 నుంచి నడుస్తున్న ఊళ్ళో ఇట్టా జరగడం బాగలేదు. అందుకని ఒకటి, రెండు తరగతుల పిలకాయల తల్లిదండ్రులకు ఈ సలహాలు. ఖర్చు పెద్దగా లేదు. ఒక సున్నం బస్తా, నాలుగు గోనెసంచులు, రెండు పాత టైర్లు, ఒక విజిల్ ఉంటే చాలు.

ముందు స్థలం చూసుకోవాలి. ట్రంకు రోడ్డు పనికిరాదు, మన పాఠం కోసం బస్సులు ఆగవు. సొంత వీధే మేలు. అయితే తెల్లారకముందే ఆక్రమించాలి, లేదంటే ఆడవాళ్ళు కల్లాపి చల్లి ముగ్గులు పెట్టేస్తారు. పెట్టేసినా దిగులు వద్దు, అదే మన లెక్కల అడ్డంకి.

నడుమ వరసలో 15 చుక్కలు, అక్కణ్ణించి పైకీ కిందికీ వరసకొకటి తగ్గిస్తూ 8 దాకా పెట్టే సందు చుక్కల ముగ్గును ఎంచుకోండి. పిలకాయ ఒంటికాలి మీద ఒక్కో చుక్కనూ తొక్కుతూ లెక్కపెట్టాలి. మొత్తం 169 రావాలి. సగానికి వచ్చేసరికి పిండి చెదిరి చుక్కలు కనపడవు, లెక్కా తప్పుతుంది. అప్పుడు మళ్ళీ మొదట్నించీ పెట్టించండి. "చుక్కలే లేవు గదా, ఏం లెక్కపెట్టేది?" అని అడిగిన పిలకాయకు ఒక మార్కు కొయ్యండి.

ఈ అడ్డంకి దగ్గర అవ్వలతో జాగ్రత్త. అవ్వ బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చిటికెడు పిండి పట్టి వరస పెడుతుంది. పక్కన కూర్చున్న ఆరేళ్ళ మనవరాలు ఆ పై వరసలో, రెండేసి చుక్కల సందున తన చుక్క పెడుతుంది. పక్కకు జరిగిందనుకోండి, "సందున మే, సందున" అని అవ్వ అరచేత్తో చెరిపేసి మళ్ళీ పెట్టిస్తుంది. అట్టా పోయి పోయి చివరి వరసలో ఎనిమిదే మిగులుతాయి. ఎవరూ లెక్కపెట్టకుండానే లెక్క సరిపోతుంది. ఆ పిల్లకు తాను తీసివేతలు చేస్తున్నానని కూడా తెలీదు. తెలీకుండా చేసిన తీసివేతకు మార్కులెట్టా వేస్తాం? అందుకే పరుగు జరిగినంతసేపూ అవ్వల్ని వంటింట్లో ఉంచండి. 1970లలో గిఫ్ట్ సిరోమణి, రాణి సిరోమణి, కమలా కృతివాసన్ మద్రాసులో ఇట్టాంటి ముగ్గుల మీదే కంప్యూటర్ సైన్సు వ్యాసాలు రాశారు. ఈ గీతలకూ ఒక వ్యాకరణం ఉందన్నారు. పాపం, ముగ్గును తొక్కించి చూడాలని వాళ్ళకు తట్టలేదు.

తెలుగుకు గోనెసంచి. గెంతుకొక అక్షరం పలకాలి. 'గంగిరెద్దు' నాలుగు గెంతుల్లో అయిపోతుంది. 'సంక్రాంతి' దగ్గర మాత్రం చాలామంది బోర్లా పడతారు, క్రావడీ దీర్ఘమూ సున్నా ఒక్క గెంతులోనే పలకాలి మరి. పడ్డవాడు నవ్వితే అది ఆటైపోతుంది కనక నవ్వనివ్వకండి. నిజం గంగిరెద్దు ఆ దారిన వస్తే కాసేపు ఆపి పిలకాయలకు చూపించండి. ఏమడిగినా తలూపుతుంది, ఎదురు ప్రశ్న వెయ్యదు. మనకు కావలసిన విద్యార్థి అదే.

ఇక సైన్సు. మధ్యాహ్నం తుమ్మలపెంట ఒడ్డున దారం పట్టుకున్న పిలకాయకు గాలి ఎటు తిరిగిందో వేళ్ళకే తెలిసిపోతుంది. వేళ్ళకు తెలిసింది పరీక్షలో పనికిరాదు. కాబట్టి గాలిపటం తీసేసుకుని చేతికొక అట్ట ఇవ్వండి. పగటిపూట నేల తొందరగా వేడెక్కుతుందనీ, దానిపై గాలి తేలికై పైకి లేస్తుందనీ, ఆ చోటికి సముద్రం మీది చల్లగాలి వస్తుందనీ దాని మీద రాసి ఉండాలి. టైర్లలోంచి దూరుతూ దాన్ని పైకి చదవాలి. గాలికి అట్ట ఎగిరిపోతే బాధ్యత పిలకాయదే.

వీధి చివర మలుపుకు ఉత్తరాయణం అని పేరు పెట్టండి. అక్కడ ఒంటికాలి మీద నిలబెట్టి చెప్పాల్సిన సంగతి ఇది: సూర్యుడు డిసెంబరు 21, 22 తేదీల్లోనే ఉత్తరానికి మళ్ళాడు, మన మకర సంక్రాంతి జనవరి 14, 15ల్లో వస్తుంది, ఒకప్పుడు రెండూ కలిసే వచ్చేవి, సుమారు 26,000 ఏళ్ళకొక చుట్టు తిరిగే భూమి అక్షం వల్ల ఈ ఎడం ఏర్పడింది. "అయితే మనం పండగ ఆలస్యంగా చేసుకుంటున్నామా నాయనా?" అని ఏ పిలకాయో అడుగుతాడు. విజిల్ ఊదండి. ప్రశ్నలకు టైము పెట్టుకోలేదు.

నాలుగో తరగతి అన్నలు ఊరికే నిలబడి చూస్తుంటే వాళ్ళనూ వదలొద్దు. నెల్లూరు పుట్టి 850 కిలోలు, 75 కిలోల బస్తాలెన్ని? పదకొండు బస్తాలు పోను 25 కిలోలు మిగులు. ఆ మిగులు ఎవరింటికి పోతుందని రైతుబిడ్డ ఎవరైనా అడిగితే, అది సాంఘికశాస్త్రం, పెద్ద తరగతుల్లో చెబుతారనండి.

ఇదంతా శాస్త్రీయమేనా అని అనుమానించే తల్లులుంటారు. 2009 విద్యాహక్కు చట్టం 29వ సెక్షన్ చూపించండి. కృత్యాల ద్వారా నేర్పమని అందులో ఉంది. భయం, ఆందోళన లేకుండా చూడమని కూడా అక్కడే ఉంది గానీ, అంత దూరం చదివే తీరిక పండగ పూట ఎవరికుంటుంది? 1939లో మద్రాసు అడయారుకొచ్చి మన టీచర్లకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి, పిలకాయ తన పనిలో మునిగి ఉన్నప్పుడు పెద్దలు వేలు పెట్టకూడదని చెప్పేది. వేలు పెట్టొద్దంది గానీ విజిల్ ఊదొద్దని ఎక్కడా అనలేదు.

భోగి, పండగ, కనుమ మూడు రోజులూ పరుగు, ముక్కనుమ నాడు పరీక్ష. వీధిలో అమ్మలక్కలకు ఒక్కటే విన్నపం: పరీక్ష అయ్యేదాకా సున్నం గీతల మీద కల్లాపి చల్లకండి.