బొమ్మ వచ్చిందా?

మా మిద్దె మీద ఒక వెదురు బొంగు ఉండేది. బొంగు చివర యాంటెన్నా. యాంటెన్నా మీద కాకి. కాకి కింద నేను. 1987లో ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదింబావుకల్లా ఇంట్లో నాకున్న ఏకైక ఉద్యోగం బొంగు తిప్పడం.

కింద హాల్లో ఈసీ టీవీ, మన హైదరాబాద్‌లో ఈసీఐఎల్ వాళ్లు చేసింది. గుమ్మంలో నాన్న. ‘బొమ్మ వచ్చిందా?’ అని నేను పైనుంచి కేకేస్తే, అదే కేక నాన్న లోపలికి వేసేవారు. లోపలినుంచి అమ్మ ‘వచ్చింది... వచ్చింది... ఆఁ, పోయింది!’ అనేది. ఆ కబురు నాన్న మీదుగా నాకు చేరేలోపు నేను బొంగుని ఇంకో జానెడు తిప్పేసేవాణ్ణి. తొమ్మిదిన్నరకి రామానంద్ సాగర్ రామాయణం మొదలయ్యేసరికి హాల్లో ముప్ఫై మంది. హిందీ ఒక్కరికీ రాదు, కథ అందరికీ వచ్చు. బొమ్మ సరిగ్గా రాని రోజుల్లో ఆ చుక్కల్లోనే రాముణ్ణి వెతుక్కుని దండం పెట్టుకున్న ముసలమ్మలున్నారు.

తరవాత కేబుల్ అబ్బాయి యుగం వచ్చింది. 1995లో జెమినీ, ఈటీవీ మొదలయ్యాక ఇంటింటికీ నల్ల తీగ పాకింది. నెలకోసారి డబ్బులకొచ్చేవాడు. బొమ్మ రాకపోతే తిట్టడానికి మనిషంటూ ఒకడుండేవాడు. తిట్లు తిని, మజ్జిగ తాగి, తీగ సరిచేసి వెళ్లేవాడు.

2019 ఫిబ్రవరిలో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ వాళ్లు మనకు ఎంపిక హక్కు ప్రసాదించారు. చూసే చానెళ్లకే డబ్బు కట్టమన్నారు. వంద చానెళ్ల వరకూ 130 రూపాయలు, దానిమీద పన్ను, ఆపైన ఒక్కో పే చానెల్‌కి దాని ధర దానిది. నాన్న కళ్లజోడు పెట్టుకుని, వంకాయలు ఏరినట్టు చానెళ్లు ఏరారు. పుచ్చులన్నీ తీసేసి కూడితే, పాత బిల్లు కన్నా ఎక్కువే తేలింది. మళ్లీ మొదటినుంచి కూడారు. మళ్లీ అంతే.

సరిగ్గా అప్పుడు డాలస్ నుంచి మా అబ్బాయి నాకు తీర్పు చెప్పాడు. ‘కేబుల్ పీకించెయ్ నాన్నా. యాప్‌లు పెట్టిస్తాను. ప్రకటనలుండవు. టైముతో పనిలేదు. కావలసినదానికే డబ్బు.’

పీకించేశాం. ఇక ఈ మూడు వరాల సంగతి.

ప్రకటనలుండవన్నాడు. 2025 జూన్ నుంచి అమెజాన్ ప్రైమ్ వీడియోలో మన దేశంలోనూ ప్రకటనలు వేయడం మొదలుపెట్టారు. అక్కర్లేదంటే ఏడాదికి మరో 699 రూపాయలు కట్టమన్నారు అప్పట్లో. సబ్బు చూపించడానికి సబ్బువాడి దగ్గర, చూపించకుండా ఉండటానికి మన దగ్గర తీసుకునే ఈ ఏర్పాటు పాపం దూరదర్శన్‌కి తట్టనే లేదు.

టైముతో పనిలేదన్నాడు. కొత్త సిరీస్ పెట్టి సగంలో ఉండగా ‘తరువాయి ఎపిసోడ్ శుక్రవారం’ అని పడుతుంది. శుక్రవారం కోసం కాచుకోవడం మాకేం కొత్త కాదు. దూరదర్శన్‌లో పాటలొచ్చే చిత్రలహరికీ అలాగే కాచుకున్నాం. కాకపోతే దానికి చందా లేదు.

కావలసినదానికే డబ్బన్నాడు. యాప్‌కో చందా కట్టి కట్టి మేం అలిసిపోయామని గ్రహించి, ఇంటర్నెట్ వాళ్లు పది పదిహేను యాప్‌లను ఒకే కట్ట కట్టి, నెలకింతని ఇస్తున్నారు. తీగ కూడా వాళ్లదే. దీన్ని మా ఊళ్లో కేబుల్ అనేవాళ్లం.

అయినా కోరుకున్నది చూసుకోవచ్చు కదా అంటారు. చూసుకోవచ్చు. రాత్రి భోజనాలయ్యాక మా ఇంట్లో జరిగేవి పెళ్లిచూపులే. ఒక్కో సినిమా ముస్తాబై వచ్చి నిలబడుతుంది. ట్రైలర్ చూస్తాం. రేటింగనే జాతకం చూస్తాం. ఈ పిల్ల మరీ పొడుగు, మూడు గంటలట. ఆ పిల్లది కొరియా, భాష కుదరదు. ఇది మంచిదేగానీ మా ఆవిడకి నెత్తురు పడదు. నలభై నిమిషాలు ఇలా గడిచాక, ఇంటిపట్టున ఉన్న మేనరికం ఖాయం చేసుకున్నట్టు, ముప్ఫైసార్లు చూసిన ‘మాయాబజార్’ పెట్టుకుంటాం. ఘటోత్కచుడు లడ్డూల పళ్లెం దగ్గరికొచ్చేసరికి అందరం నిద్రపోతాం.

ఈ మార్పుని నిజంగా ఒంటబట్టించుకున్నది అమ్మ ఒక్కతే. డబ్బు కట్టినవాళ్లకి కొన్ని యాప్‌లు సీరియల్‌ని టీవీ కన్నా ముందే చూపిస్తాయి. అమ్మ పొద్దున్నే కాఫీతో పాటు ఆ రోజు ఎపిసోడ్ చూసేస్తుంది. ఇక సాయంత్రం దాకా పక్కింటి పిన్నిగారి ముందు ఆవిడ త్రికాలజ్ఞాని. ‘ఇవాళ ఆ కోడలు ఇల్లొదిలి పోతుందేమోనని నాకెందుకో అనిపిస్తోంది వదినా’ అంటుంది. రాత్రి కోడలు ఇల్లొదులుతుంది. పిన్నిగారు మర్నాడు మనవరాలి జాతకం పట్టుకొచ్చారు.

ఇక మొన్న రాత్రి సంగతి. తొమ్మిదింటికి ఒక యాప్ తెరిస్తే, ‘ఈ టీవీ మీ ఇంటికి చెందినది కాదు’ అని పడింది. ఇరవై ఏళ్లు వాయిదాలు కట్టిన ఇల్లు. బ్యాంకు నమ్మింది, మునిసిపాలిటీ నమ్మి ఏటా పన్ను వేస్తోంది. నమ్మనిది ఈ యాపొక్కటే. దాని లెక్కలో మా ఇల్లు డాలస్‌లో ఉంది, ఎందుకంటే చందా మా వాడిది. ఇది మా ఇల్లేనని రుజువు కావాలంటే వాడి ఫోన్‌కి వచ్చే ఓటీపీ కొట్టాలి. వాడికది పొద్దున పదిన్నర, మీటింగు.

ఫోన్ చేశాను. ‘ఓటీపీ వచ్చిందా?’

‘ఉండు నాన్నా... వచ్చింది... రాసుకో, నాలుగు, ఏడు... ఆఁ, పోయింది!’

టైమైపోయిందట. మళ్లీ పంపమన్నాం. నేను ఫోన్లో అడగడం, వాడు చెప్పింది మా ఆవిడకి అరవడం, ఆవిడ రిమోట్‌తో ఒక్కో అంకె కొట్టడం, ఈలోగా అదీ పోవడం. మూడోసారికి నాకర్థమైంది. ముప్ఫై ఏళ్లు దాటాక మనం సాధించిన ప్రగతి ఏమిటంటే, మిద్దె డాలస్‌కి జరిగింది. నేను నాన్న నిలబడ్డ గుమ్మంలోకి దిగాను.

నాలుగోసారికి అంకెలు కుదిరాయి. తెర నల్లబడింది. మధ్యలో చక్రం తిరగడం మొదలైంది. దూరదర్శన్‌కి మర్యాద తెలుసు, ‘అంతరాయానికి చింతిస్తున్నాం’ అని బోర్డు పెట్టేది. ఈ చక్రానికి చింతా లేదు, సిగ్గూ లేదు, తిరుగుతుందంతే.

‘బొమ్మ వచ్చిందా నాన్నా?’ అన్నాడు వాడు, అవతలినుంచి.

నేను జవాబు చెప్పేలోగా, కుర్చీలో కునికిపాట్లు పడుతున్న అమ్మ కళ్లు తెరిచి, తెర మీద కదులుతున్న ఆకారం మిద్దె మీది కాకి అనుకుని చెయ్యి విసిరింది.

‘హుష్!’