మెరూన్ హెచ్చరిక కోరుతూ బహిరంగ లేఖ

డైరెక్టర్ జనరల్ గారికి,
భారత వాతావరణ విభాగం, మౌసమ్ భవన్, లోధీ రోడ్, న్యూఢిల్లీ.

అయ్యా,

మైదానాల్లో 40 డిగ్రీలు, తీరంలో 37 దాటి, ఆ ఎండ మామూలుకన్నా 4.5 డిగ్రీలు ఎక్కువైతే వడగాలులని ప్రకటిస్తారు మీరు. జిల్లాల పటానికి పసుపు, నారింజ, ఎరుపు రంగులు పులుముతారు. లేత రంగు, వదులు నూలుబట్టలు కట్టుకోమని చెబుతారు. మా రెంటచింతల, రామగుండం పేర్లు వార్తల్లోకి రాని వేసవి లేదు. ఇంత చూసే మీ కంటికి మా పెళ్ళికొడుకులు ఆనలేదా?

మే నెల, బెజవాడ, రాత్రి ఎనిమిది, రిసెప్షన్. వేదిక మీద మా అబ్బాయి. లోపల బనియను, దాని మీద కుర్తా, ఆ పైన కాన్వాసూ లైనింగూ వేసి కుట్టిన మెరూన్ వెల్వెట్ షేర్వాణీ, భుజాన జరీ దుపట్టా, తలకు పాగా. కాళ్ళకు చుడీదార్ ఎంత బిగుతంటే, కూర్చోవాలంటే ముందు నిర్ణయం తీసుకోవాలి. ఎదురుగా వీడియో లైట్లు. చుట్టూ తెల్లటి పొగ వదులుతారు. చూసేవాళ్ళకి చల్లగానే ఉంటుంది.

తేదీ మార్చుకోమంటారేమో. వైశాఖ, జ్యేష్ఠాలు దాటితే ఆషాఢం. కల్యాణమండపం వాళ్ళు బయానా తిరిగివ్వరు.

షేర్వాణీ మీద నాకు కోపం లేదండీ. హైదరాబాదు పెద్దమనుషులు దాన్ని తరతరాలుగా హుందాగా తొడుక్కున్నారు. దాన్ని దుప్పటంత దళసరి వెల్వెట్‌తో కుట్టి, వేసవిలో కృష్ణా తీరాన నిలబెట్టిన ఘనత మన తరానిది. ముహూర్తం వేళకి మా పూర్వీకులు ఎంచింది ఎర్రంచు తెల్లని మధుపర్కాలు, అదీ నూలువి. అవి కట్టుకున్న గంటసేపూ హోమం ముందు కూర్చుని కూడా మా అబ్బాయి నవ్వుతూనే ఉన్నాడు. నవ్వు ఆగింది పీటల మీంచి లేచి రిసెప్షన్ సోఫా దగ్గరికొచ్చాకే.

మీ ఆఫీసుల ఆవరణలో తెల్లరంగు వేసిన చెక్కపెట్టె ఉంటుంది కదా, స్టీవెన్‌సన్ స్క్రీన్. థర్మామీటరుకి ఎండ తగలకుండా, గాలి మాత్రం ఆడేలా నాలుగు పక్కలా వాలురెక్కలు పెట్టి కడతారు. అంటే థర్మామీటరుకి నీడ ఉంది, గాలి ఉంది, తెల్లని గది ఉంది. పక్కనే ఉండే తడి బల్బు థర్మామీటరుకైతే పల్చటి మస్లిన్ గుడ్డ కూడా చుడతారు. ఆ గుడ్డలో తడి ఆరితేనే బల్బు చల్లబడుతుంది. మావాడి బనియనూ తడిసే ఉంది. ఆరడానికి దారే లేదు, పైన వెల్వెట్. పాదరసానికి చేసిన మర్యాద వరుడికి చేయకపోతే ఎలా?

అందుకని మనవి. ఎరుపు తర్వాత ఇంకో రంగు చేర్చండి: మెరూన్. అది పెట్టిన జిల్లాలో షేర్వాణీ, బంద్‌గలా, త్రీపీస్ సూటు తొడిగినవాణ్ణి అరగంటకు మించి నిలబెట్టకూడదని రాయండి. వరుడి పక్కన ఒకే రంగు కోట్లలో నిలబెట్టే బావమరుదులకీ, బాబాయిలకీ ఇది వర్తించాలి. ఇలా అందరికీ ఒకే రంగు తొడగడాన్ని థీమ్ అంటారట. మాకెవ్వరికీ ముందు చెప్పలేదు, కొలతలు మాత్రం తీసుకున్నారు.

పొందూరు ఖాదీ, మంగళగిరి నూలుపంచె కట్టుకొచ్చిన వరుణ్ణి ఫొటోగ్రాఫరు వెనక్కి పంపరాదని కూడా ఒక వాక్యం చేర్చితే మహోపకారం.

ఇట్లు,
వరుడి బాబాయి
(ఫొటోలో రెండో వరస, మెరూన్ కోటు)

తా.క.: ఉత్తర్వు కాపీ ఒకటి మా వదినగారికి పంపండి. బట్టల నిర్ణయం ఆవిడది. మా రెండోవాడి పెళ్ళి వచ్చే వైశాఖంలో అంటున్నారు, ఈసారి నేవీ బ్లూ అట.