188 నొక్కండి, తలుపు తెరుచుకుంటుంది

ఇక దిగులు లేదు. కందుకూరి వీరేశలింగం పంతులుగారికి జీవితమంతా పట్టిన పనిని మా పేట బడిలో తొమ్మిదో తరగతి పిల్లలు నలభై అయిదు నిమిషాల్లో తేల్చేశారు. మధ్యలో హింట్ అడిగితే అయిదు నిమిషాలు కోత, అంతే.

‘పంతొమ్మిదో శతాబ్దపు సాంస్కృతిక సంఘర్షణలు - విద్యార్థులే రూపొందించిన ఎస్కేప్ రూములు’ అని గేటుకి ఫ్లెక్సీ కట్టారు. ఎస్కేప్ రూమంటే చిక్కుముడులు విప్పి, తాళం తీసి, గడువులోగా గదిలోంచి బయటపడే ఆట. పంతులుగారి బొమ్మ పక్కనే స్టాప్‌వాచీ. వారం ముందు నుంచీ రాత్రి పదింటికి తల్లిదండ్రులకి వాట్సాప్‌లో హుకుములు: థర్మోకోల్ షీట్లు మూడు, నంబరు తాళం ఒకటి, నీలం లైటు టార్చి ఒకటి. సంఘ సంస్కరణ వల్ల ఎవరు బాగుపడ్డారో గానీ ఫ్యాన్సీ షాపువాడు మాత్రం బాగుపడ్డాడు.

వ్యావహారిక, గ్రాంథిక భాషా వివాదం గదిలో రెండు బటన్లు. గిడుగు రామమూర్తిగారిది నొక్కితే పచ్చలైటు, జయంతి రామయ్య పంతులుగారిది నొక్కితే ఎర్రలైటు. వ్యావహారికం తరఫున గురజాడ అప్పారావు 1914లో కూర్చుని అంత అసమ్మతి పత్రం రాశారంటే, పాపం, బటన్ సంగతి తెలియకే. భోగం మేళాల గదిలో గజ్జెలు లెక్కపెట్టాలి. వీరేశలింగంగారి ప్రత్యర్థి కొక్కొండ వెంకటరత్నం పంతులుగారు ఆఖరి విలన్, అట్టమీసాలతో.

ఇవన్నీ భరించాను. కన్యాశుల్కం గది దగ్గర నా వల్ల కాలేదు.

కన్యాశుల్కం నాటకం 1897 నాటి తొలి కూర్పుకి గురజాడ ఇంగ్లీషులో ఒక ముందుమాట రాశారు. విశాఖపట్నం జిల్లాలో బ్రాహ్మణ కుటుంబాల్లో ఆడపిల్లల్ని అమ్మి చేసిన పెళ్లిళ్లకి విజయనగరం మహారాజు ఆనందగజపతి జాబితా తీయించారని అందులో ఉంది. మూడేళ్లలో 1,034 పెళ్లిళ్లు. అయిదేళ్ల పిల్లలు 99 మంది. నాలుగేళ్లవాళ్లు 44, మూడేళ్లవాళ్లు 36, రెండేళ్లవాళ్లు 6, ఏడాది పిల్లలు 3.

ఈ అయిదు అంకెల్నీ అయిదు అట్టముక్కల మీద రాసి ఉయ్యాలలో, పెళ్లిపీట కింద, కొయ్యబొమ్మల బుట్టలో దాచారు. వెతికి తెచ్చి కూడాలి. కూడితే 188. మూడంకెల తాళానికి సరిగ్గా సరిపోయింది చూశారా! తెరుచుకోగానే స్పీకర్లో సన్నాయి.

“మేడమ్, ఏడాది పిల్లలు దొరకట్లేదు” అని ఓ కుర్రాడు గాభరాపడుతున్నాడు. “ఉగ్గుగిన్నె కింద చూడు నాన్నా, టైమైపోతోంది” అని మేడమ్ తొందర పెడుతోంది. దొరికారు. చప్పట్లు. ఆ జట్టు కిందటి జట్టు కంటే రెండు నిమిషాలు ముందుంది.

ఆ ఏడాది పిల్లల ధర తలకి 350 నుంచి 400 రూపాయలు పలికిందని కూడా ఆ ముందుమాటలోనే ఉంది. అది ఏ అట్టముక్క మీదా లేదు. తాళంలో చోటు చాలలేదు మరి. కొన్నదెవరు, ఆ డబ్బు మూటగట్టుకున్న తండ్రి ఎవరు, రెండేళ్లకే మొగుడు పోతే ఆ పిల్ల గతేమిటి అని ఒక్కరూ అడగలేదు. అడిగితే ఓడిపోతారు. ఇది చదువా? పసిపిల్లల్ని కూడిక లెక్క చేసి, జవాబు సరిపోయిందని సన్నాయి ఊదించడాన్ని ఏమనాలి? ఆ నాటకంలో గిరీశమే నయం. శిష్యుడు వెంకటేశానికి చుట్ట కాల్చడమైనా నేర్పాడు, దాన్ని అనుభవపూర్వక విద్య అని చెప్పుకోలేదు.

వితంతువు గది ఇంకా ఘోరం. తాళం నంబరు 1856, పునర్వివాహ చట్టం వచ్చిన ఏడు. నొక్కగానే తలుపు తెరుచుకుంటుంది, తెల్లచీర కట్టిన పిల్ల నవ్వుతూ వరండాలోకి వస్తుంది. అయ్యా, అసలు తాళం 1856లోనే తీసేశారు. రాజమహేంద్రవరంలో వీరేశలింగంగారు జరిపించిన తొలి వితంతు వివాహం, గౌరమ్మకీ గోగులపాటి శ్రీరాములుకీ, జరిగింది 1881 డిసెంబరు 11న. పాతికేళ్లు ఆ తలుపు బార్లా తెరిచే ఉంది. అడుగు బయటపెడితే ఎదురుగా ఊరుంది. వంటవాళ్లు రామన్నారు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు, వీరేశలింగంగారి భార్య రాజ్యలక్ష్మమ్మగారు స్వయంగా గోదావరి నుంచి బిందెలు మోశారు. పీఠాధిపతి వెలి వేశారు. పక్కన నిలబడ్డ స్నేహితులే కొందరు భయపడి ప్రాయశ్చిత్తం చేయించుకున్నారు.

“మరి ఊరెక్కడమ్మా?” అని ఆ గది కట్టిన పిల్లనడిగాను. “ఊరికి బడ్జెట్ లేదు సార్” అంది. పిల్లదే నిజం, నేనేమీ అనలేదు. అనవలసింది ఆ పిల్ల చేతికి జిగురు డబ్బా ఇచ్చినవాళ్లని.

బయటపడిన ప్రతివాడికీ సర్టిఫికెట్ ఇచ్చారు: ‘దురాచారాల నుంచి విజయవంతంగా తప్పించుకున్నారు.’ ఎవరు తప్పించుకున్నారండీ? 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఇరవై నుంచి ఇరవై నాలుగేళ్ల వయసు ఆడవాళ్లలో పద్దెనిమిది నిండకుండానే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఈ అంకెలు రాసిన కాగితం ప్రిన్సిపాల్‌గారి చేతిలో పెట్టాను. “చాలా బావుందండీ, వచ్చేసారి క్లూగా వాడతాం” అన్నారు.

ఈలోగా ఫ్లెక్సీ మారింది. వచ్చే నెల స్వాతంత్ర్యోద్యమమట. సెల్యులార్ జైలు గది, జట్టుకి అయిదుగురు, ముప్పై నిమిషాలు. సంకెళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి.